తిట్లు తినడంలో నేర్చుకునేదేముంది?

ప్రశ్న:

మేడమ్, నా వయసు 22. డిగ్రీ అవగానే దొరికిన ఉద్యోగం కదా అని ఒక ఇంటర్నెట్ కనెక్షన్ కంపెనీ కస్టమర్ కేర్‌లో చేరాను. తొమ్మిది నెలలైంది. రోజుకి డెబ్బై, ఎనభై కాల్స్. సగం మంది నేను హలో అనకముందే తిట్టడం మొదలుపెడతారు. ఒక్కో కాల్ ఇన్ని నిమిషాల్లో ముగించాలని టీమ్ లీడర్ వెనకే నిలబడతాడు. అలాగే ముగిస్తే అదే మనిషి మర్నాడు మళ్లీ ఫోన్ చేసి ఇంకా గట్టిగా తిడతాడు. "అక్కడ ఏం నేర్చుకుంటున్నావ్, సారీ చెప్పడమా?" అంటున్నారు నాన్న. నాతో చదివినవాళ్లు ఏవేవో కోర్సులు చేసి మంచి ఉద్యోగాల్లో చేరిపోతున్నారు. ట్రైనింగ్‌లో మాత్రం "ఇక్కడ ఓర్పు నేర్చుకుంటారు, జీవితాంతం పనికొస్తుంది" అన్నారు. నాకు ఓర్పు పెరగలేదు సరికదా, ఉన్నది కూడా పోయింది. ఇంట్లో ఎవరి ఫోన్ మోగినా కడుపులో తిప్పుతోంది.

ఇంకో విషయం. పోయిన వారం ఒక పెద్దాయన ఇరవై నిమిషాలు ఆపకుండా తిట్టి, చివర్లో "నీ మీద కోపం కాదు తల్లీ" అని పెట్టేశారు. తిట్టినంతసేపూ నాకేమీ అనిపించలేదు. ఆ ఒక్క మాటకి మాత్రం ఏడుపు ఆగలేదు. ఎందుకో తెలీదు.

ఈ ఉద్యోగంలో నేర్చుకునేది నిజంగా ఏమైనా ఉందా? లేక రోజులు పాడు చేసుకుంటున్నానా?

ఒక పాఠకురాలు

సమాధానం:

మేడమ్ అని రాశావు కానీ, నీ ఈడు పిల్ల మా ఇంట్లోనూ ఉంది. అందుకని నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు ఆ ఓర్పు సంగతి తేల్చేద్దాం. నీ ట్రైనర్ చెప్పింది నేను నమ్మను. తిట్లు తింటే ఓర్పు వస్తుందనడం, ఎండలో నిలబడితే నీడ వస్తుందన్నట్టుంటుంది. రోజూ ఎనభై మందితో మాట అనిపించుకుంటే ఎవరికైనా ఓపిక అరిగిపోతుంది. నీది పోయిందంటే నీలో లోపం ఉందని అనుకోకు. ఆ ఉద్యోగం నేర్పేది వేరే ఉంది. అది ట్రైనింగ్ కాగితాల్లో ఉండదు. ఊరికే కుర్చీలో కూర్చున్నంత మాత్రాన రాదు కూడా.

నేనూ నీ వయసులో ఇంట్లో వాడే మెషీన్లు తయారుచేసే ఒక కంపెనీ ఫిర్యాదుల కౌంటర్‌లో మూడేళ్లు పనిచేశాను. చేరిన కొత్తలో చేసిన ఒక తప్పు చెబుతాను. సాయంత్రం, కౌంటర్ మూసే వేళ. ఒకాయన వచ్చి మెకానిక్ ఎప్పుడొస్తాడని అడిగాడు. నాకు తెలీదు. తెలీదంటే గొడవవుతుందని, "రేపు ఉదయం వస్తాడండి" అనేశాను. ఆయన థాంక్స్ చెప్పి మరీ వెళ్లాడు. మర్నాడు సెలవు పెట్టుకుని సాయంత్రం దాకా ఇంట్లోనే కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. ఆ మర్నాడు మళ్లీ వచ్చాడు. అరుస్తాడేమోనని బిగుసుకుపోయాను. అరవలేదు. "అమ్మా, మీకు తెలీకపోతే తెలీదని చెప్పి ఉంటే నేను ఆఫీసుకి వెళ్లేవాణ్ణి కదా" అన్నాడు, అంతే. ఇప్పటికీ ఎవరికైనా "రేపు" అని చెప్పబోతే ఆయన మొహం గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగుతాను.

తర్వాత చాలా ఏళ్లకి చదివాను. పరశురామన్, జైతామ్ల్, బెర్రీ అనే ముగ్గురు పరిశోధకులు మంచి సర్వీసు అంటే ఏమిటో కొలవడానికి 1988లో ఒక పద్ధతి తయారుచేశారు. అందులో ఐదు అంశాలున్నాయి. వెంటనే స్పందించడం, మర్యాద, తెలివిగా భరోసా ఇవ్వడం, ఎదుటివాళ్ల బాధ పట్టించుకోవడం, ఆఫీసు శుభ్రంగా ఉండటం, ఇలాంటివన్నీ వాటిలో వస్తాయి. కానీ జనం అన్నిటికన్నా ముఖ్యం అని చెప్పింది మాత్రం ఒకటే: చెప్పింది చెప్పినట్టు చేయడం. తియ్యగా మాట్లాడటం దాని తర్వాతే. కౌంటర్‌లో ఆ పెద్దమనిషి నాకు చెప్పిందీ అదే, పరిశోధన అవసరం లేకుండా.

ఇక వినడం గురించి. నీ ఉద్యోగంలో అసలు సరుకు ఇక్కడుంది, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

ఫోన్ చేసినవాడు "మీదంతా మోసం, మీ కంపెనీని కోర్టుకి లాగుతాను" అంటాడు. ఆ మాటకి సమాధానం వెతుక్కుంటే నువ్వు అయిపోయావు. మోసం కాదని వాదించాలి, లేదా సారీ చెప్పాలి. రెండూ ఎటూ తీసుకెళ్లవు. ఆ కోపం వెనక సాధారణంగా చాలా చిన్న, చాలా స్పష్టమైన అవసరం ఒకటి ఉంటుంది. రేపు పొద్దున పదింటికి ఆయన కూతురికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉండి ఉంటుంది. ఆ సంగతి ఆయన చెప్పడు, ఎందుకంటే ఇంతకుముందు నలుగురికి చెప్పాడు, ఒక్కరూ పట్టించుకోలేదు. "మీకు కనెక్షన్ ఎప్పటిలోగా కావాలండీ?" అని నువ్వు అడిగితే ఆయన ఒక్కసారి ఆగుతాడు. ఎందుకంటే ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆ ఆగిన క్షణంలో పని మొదలవుతుంది. రాత్రికి లైను బాగవదని నీకు తెలిస్తే ఆ మాటే చెప్పు. పొద్దున ఇంటర్వ్యూకి మొబైల్ డేటాతోనో, దగ్గరివాళ్ల ఇంట్లోనో ఏర్పాటు చేసుకోవడానికి ఆయనకి రాత్రంతా టైముంటుంది. నీ చేతిలో లైను లేదు కానీ, ఆయన రాత్రి నీ చేతిలో ఉంది.

ఎదుటివాళ్లు చెప్పింది విని, అర్థమైంది మన మాటల్లో తిరిగి చెప్పి, "అంతేనాండీ?" అని సరిచూసుకోవడం. దీన్ని 1957లో కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు యాక్టివ్ లిజనింగ్ అన్నారు. (ఆ పేరు ఇప్పుడు ప్రతి ట్రైనింగ్‌లోనూ వినిపిస్తుంది. విచిత్రం ఏమిటంటే, అదే ట్రైనింగ్‌లో "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనే వాక్యాన్ని బట్టీ పట్టిస్తారు. ఎదుటివాడు ఏం చెప్పినా ఒకటే వాక్యం చెప్పడం వినడం ఎలా అవుతుందో నాకు ఇప్పటిదాకా అర్థం కాలేదు.) నువ్వు చేయాల్సింది ఒకటే. స్క్రిప్టు చదవక తప్పదు, చదువు. కానీ అది అయ్యాక ఒక్క సొంత వాక్యం కలుపు, ఆయన సమస్య ఉన్న వాక్యం: "అంటే మంగళవారం నుంచి రాత్రిళ్లు మాత్రమే పోతోంది, పగలు బాగానే ఉంది, అంతేనాండీ?" మూడు నెలలు ఇలా చేసి చూడు. ఎదుటి మనిషి మాటల్లో వాస్తవం ఏది, అభిప్రాయం ఏది, భయం ఏది అని వేరు చేసే చెవి తయారవుతుంది. డాక్టరుకీ, లాయరుకీ, ప్రోగ్రాం రాసేవాడికీ, టీచరుకీ కావలసింది ఆ చెవే. నీ స్నేహితులు చేస్తున్న కోర్సుల్లో అది రాదని కాదు. రోజుకి ఎనభైసార్లు సాధన చేసే వీలు మాత్రం వాళ్లకి లేదు.

హోల్డ్‌లో పెట్టడం గురించి ఒక చిన్న మాట. "ఒక్క నిమిషం" అని పెట్టి ఐదు నిమిషాలు చేయకు. డేవిడ్ మైస్టర్ అనే ఆయన 1985లో క్యూలలో నిలబడేవాళ్ల మనసు గురించి రాస్తూ ఒక సంగతి చెప్పాడు: ఎంతసేపో తెలియని ఎదురుచూపు, తెలిసిన ఎదురుచూపు కంటే పొడుగ్గా అనిపిస్తుంది. కారణం తెలియనిదైతే ఇంకా పొడుగు. "నాలుగైదు నిమిషాలు పడుతుందండీ, పాత ఫిర్యాదులు చూడాలి" అంటే చాలామంది ఊరుకుంటారు.

ఇప్పుడు నీ టీమ్ లీడర్ సంగతి. అతని మీద నీకు కోపం ఉన్నట్టుంది. కొంచెం దూరం నుంచి చూడు. అతని వెనక ఇంకొకరు నిలబడి ఉంటారు. అందరి వెనకా ఒక లెక్క నిలబడి ఉంటుంది. ఆ లెక్క తెలిస్తే నీకు సగం టెన్షన్ తగ్గుతుంది.

కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన అగ్నర్ ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణిత శాస్త్రజ్ఞుడు 1909లో ఫోన్ కాల్స్ రాక మీద మొదటి లెక్కలు ప్రచురించాడు. ఏ కాల్ సెంటర్‌లోనైనా ఒక షిఫ్టుకి ఎంతమంది కావాలో తేల్చే లెక్కలకి మూలం ఆయనే. ఆ దారిలో పుట్టిన క్యూ లెక్క ఒకటి తేలికగా చెబుతాను. ఒక్కరే ఉన్న కౌంటర్ అనుకో. జనం ఒక క్రమం లేకుండా వస్తుంటారు, ఒక్కొక్కరి పనికి ఒక్కో టైము పడుతుంది. కౌంటర్‌లోని మనిషి తన టైములో 80 శాతం పనిలో ఉంటే, పని జరుగుతున్న మనిషితో కలిపి సగటున అక్కడ ఉండేది 4 మంది. 90 శాతం అయితే 9 మంది. 95 శాతం అయితే 19 మంది. పని పెరిగింది కాస్తే, క్యూ మాత్రం ఐదింతలు దాకా పోయింది చూశావా? ఎక్కువమంది కలిసి పనిచేసే చోట అంకెలు ఇంత ఘోరంగా ఉండవు, కానీ తీరు ఇదే. మనుషుల్ని తగ్గించి, ఉన్నవాళ్లకి ఊపిరాడకుండా చేస్తే లైన్లో ఎదురుచూసేవాళ్లు పెరుగుతారు. ఎదురుచూసి ఎదురుచూసి నీ దాకా వచ్చేసరికి వాళ్లు మండిపోయి ఉంటారు. "హలో అనకముందే తిట్టడం" అన్నావే, అది నీ హలోకి ముందే మొదలైంది. సీట్ల లెక్క వేసిన రోజున మొదలైంది.

నువ్వు రాసిన ఇంకో మాట, తొందరగా ముగిస్తే మర్నాడు మళ్లీ చేస్తాడని, అది నాకు బాగా నచ్చింది. తొమ్మిది నెలలకే నీకు దొరికిన పెద్ద పాఠం అది. నువ్వు దాన్ని ఫిర్యాదుగా రాశావు. కాల్ ఎంతసేపు నడిచిందో కొలిస్తే కాల్స్ పొట్టివవుతాయి. మొదటి కాల్‌లోనే పని అయిందా అని కొలిస్తే కాల్స్ తగ్గుతాయి. రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. పెద్ద పెద్ద మేనేజర్లు మీటింగుల్లో తలలు పట్టుకునే విషయం ఇది. నీకు హెడ్‌సెట్‌లోనే తెలిసిపోయింది.

అందుకే ఒక పని చెబుతాను. చిన్న నోటు పుస్తకం పెట్టుకో. పేర్లూ నంబర్లూ రాయకు, అవి కస్టమర్లవి, నీవి కావు. ప్రతి కాల్‌కీ అసలు కారణం ఏమిటో రెండు మాటల్లో రాసి గీత పెట్టు. పది రోజులు చాలు. నేను చేసినప్పుడు ఏం తేలిందో చెప్పనా? మా కౌంటర్‌కి వచ్చేవాళ్లలో బోలెడంత మంది మెషీన్ చెడిపోయి రాలేదు. వారంటీ కార్డులో కొన్న తేదీ రాయాల్సిన గడిలో అమ్మినవాళ్లు బిల్లు నంబర్ రాసేస్తున్నారు. రెండు గళ్లూ పక్కపక్కనే, ఒకే సైజులో ఉండేవి. తేదీ లేదు కాబట్టి వారంటీ చెల్లదని మేము తిప్పి పంపేవాళ్లం. వాళ్లు తిట్టేవాళ్లు. మేమేమో "ఈ కస్టమర్లు ఇంతే" అనుకునేవాళ్లం. అంతా కలిపి ఒక గడి తప్పు. గీతలు లెక్కపెట్టి మేనేజర్‌కి చూపించాను. "చూద్దాం" అన్నాడు. రెండు నెలల తర్వాత కొత్త కార్డులు వచ్చాయి, గళ్లు విడివిడిగా. నాకెవరూ ఏమీ చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి కౌంటర్‌లో కూర్చోవడం నాకు వేరేగా అనిపించింది. కంపెనీలో ఎక్కడ తప్పు జరిగినా చివరికి వచ్చి చేరే చోట కూర్చున్నాను కదా, పై అంతస్తులోవాళ్లకంటే నాకే ఎక్కువ కనిపిస్తోంది అనుకున్నాను. కొంచెం గర్వం కూడా వచ్చింది, ఒప్పుకుంటాను.

నాన్నగారికి సమాధానం కూడా ఆ పుస్తకంలోనే దొరుకుతుంది. ఆయన అడిగింది తప్పు ప్రశ్న కాదు. ఏం నేర్చుకున్నావంటే "కమ్యూనికేషన్ స్కిల్స్" అంటే ఆయనా నమ్మరు, రేపు ఇంటర్వ్యూలో అడిగేవాళ్లూ నమ్మరు. దానికి బదులు ఒక్క సంఘటన చెప్పు. ఫలానా సమస్య మీద రోజుకి ఇన్ని కాల్స్ వచ్చేవి, కారణం ఇది అని పట్టుకున్నాను, ఇలా చెప్పడం మొదలుపెట్టాక మళ్లీ చేసేవాళ్లు తగ్గారు. కొత్తగా డిగ్రీ చేసి వచ్చినవాళ్లలో ఇలాంటి మాట చెప్పగలిగేవాళ్లు తక్కువ.

ఇంతవరకూ మంచి చెప్పాను. ఇప్పుడు ఫోన్ మోగితే కడుపులో తిప్పడం గురించి. దాన్ని పాఠం అనను. అది నువ్వు కడుతున్న మూల్యం.

ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌లతోనూ, బాకీలు వసూలు చేసేవాళ్లతోనూ మాట్లాడి, 1983లో ఒక మాట వాడుకలోకి తెచ్చారు: ఎమోషనల్ లేబర్. జీతం కోసం చేతులతో, తలతో పనిచేసినట్టే, మనసుతో కూడా పని చేయించుకుంటారని. లోపల ఒకటి అనిపిస్తుంటే బయటికి ఇంకొకటి చూపించడం ఒక రకం. ఎదుటివాళ్ల స్థితి ఊహించుకుని, లోపలి భావాన్నే మార్చుకోవడం ఇంకో రకం. మొదటి రకం మనిషిని బాగా అలసిపోయేలా చేస్తుందని ఆ తర్వాత చాలా పరిశోధనల్లో తేలింది. రెండోదాన్లోనూ ప్రమాదం లేకపోలేదు. రోజంతా భావాలు మార్చుకుంటూ పోతే, ఇంటికొచ్చాక ఏది నాది, ఏది ఉద్యోగానిది అన్న తేడా తెలీకుండా పోతుంది. మొదట్లో నేనూ ఇంట్లో అమ్మతో "తప్పకుండానండీ" అన్నాను. అమ్మ నవ్వింది కానీ నాకు నవ్వు రాలేదు.

కాబట్టి గిరి గీసుకోవడం నేర్చుకో. సమస్య గురించి కోపం వినడం నీ పని. నీ పుట్టుక గురించి, నీ ఇంట్లోవాళ్ల గురించి బూతులు వినడం ఏ ఉద్యోగంలోనూ భాగం కాదు. "కస్టమర్ ఎప్పుడూ కరెక్టే" అన్న నినాదం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెద్ద పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల యజమానులు జనాన్ని రప్పించుకోవడానికి వాడుకున్న మాట. అదేమీ చట్టం కాదు. కస్టమర్‌కి అంత మర్యాద ఇస్తుందని పేరున్న జపాన్‌లోనే, సిబ్బందిని కస్టమర్లు వేధించకూడదని టోక్యో నగర ప్రభుత్వం ఒక నిబంధన చేసింది. అది 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అక్కడే అవసరం పడిందంటే చూడు.

మీ ఆఫీసులో కాల్ కట్ చేయడానికి రూల్ ఏమిటో కనుక్కో. ఎన్నిసార్లు హెచ్చరించాలి, ఏ మాటల్లో చెప్పాలి, ఆ తర్వాత కట్ చేస్తే రేటింగ్‌లో పడుతుందా పడదా. నోటిమాటగా వద్దు, రాసి ఉన్నది అడుగు. "మీ సమస్య చూస్తానండీ. కానీ ఈ మాటలు ఆపకపోతే కాల్ ముగించాల్సి వస్తుంది" అని గొంతు పెంచకుండా చెప్పడం అద్దం ముందు సాధన చెయ్యి. నవ్వొస్తుంది, అయినా చెయ్యి. నాకు తెలిసి చాలామంది ఆడపిల్లలు మొదటిసారి ఈ వాక్యాన్ని తమ కస్టమర్‌తో అన్నాక, తర్వాత జీవితంలో ఇంకెంతోమందితో అనగలిగారు. అలాంటి రూలే లేదు, ఏది అన్నా వినాల్సిందే అంటే మాత్రం అక్కడ ఎక్కువ రోజులు ఉండకు. ఫోన్ మోగితే కడుపులో తిప్పడం దాకా ఉంటే సరే. నిద్ర పట్టకపోవడం, పనికి వెళ్లాలంటే ఏడుపు రావడం మొదలైతే నోటు పుస్తకాలూ గీతలూ పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించుకో.

ఉండాలా, మానాలా? నా లెక్క ఇది. ఇంకో మూడు నెలలు, అంటే ఏడాది నిండేదాకా ఉండు, ఈ పది రోజుల గీతలు పెట్టు. ఆ కాగితం పట్టుకుని టీమ్ లీడర్ దగ్గరికి వెళ్లి తెగని ఫిర్యాదులు చూసే ఎస్కలేషన్ డెస్కుకో, కాల్స్ విని తప్పొప్పులు చూసే క్వాలిటీ టీముకో, కొత్తవాళ్ల ట్రైనింగుకో మారుస్తారా అని అడుగు. మారిస్తే ఇంకొత్తవి నేర్చుకుంటావు. "ముందు నీ టైము తగ్గించుకో" అని కాగితం వైపు కూడా చూడకపోతే, ఆ చోటు నీకు నేర్పగలిగింది నేర్పేసిందని అర్థం. ఆ మూడు నెలల్లోనే వేరే ఉద్యోగం వెతుక్కో. ఒకటే కాల్‌ని ఎనభైసార్లు చేస్తూ రెండేళ్లు గడిపితే వచ్చేది రెండేళ్ల అనుభవం కాదు, ఒకరోజు అనుభవమే. అలా కూర్చుండిపోయినవాళ్లని చూశాను. వాళ్లకి చివరికి మిగిలింది మనుషుల మీద విసుగు.

ఆ పెద్దాయన గురించి ఆఖరికి ఉంచాను. ఎందుకు ఏడుపొచ్చిందని అడిగావు. ఇరవై నిమిషాలు నువ్వు గొంతుని గట్టిగా పట్టుకుని ఉన్నావు. ఆ తిట్లు హెడ్‌సెట్ పెట్టుకున్న ఉద్యోగికి తగులుతున్నాయి, లోపలున్న పిల్లకి తగలకుండా నువ్వే అడ్డం పెట్టావు. ఆయన "తల్లీ" అన్నాడు. ఆ మాట ఉద్యోగిని దాటుకుని సూటిగా నీ దగ్గరికి వచ్చింది. పట్టుకున్నది వదిలేశావు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నాకైతే నీకు ఇంకా చర్మం మొద్దుబారలేదని ధైర్యంగా ఉంది.

కానీ నీ ఉత్తరంలో ఒక సంగతి లేదు. ఆయన ఇరవై నిమిషాలు ఎందుకు తిట్టాడో నువ్వు రాయలేదు. ఆయన కనెక్షన్ బాగైందా? రేపు షిఫ్టు మొదలవగానే ఆయన ఫిర్యాదు నమోదైన టికెట్ తెరిచి చూడు. "పరిష్కరించబడింది" అని ఉంటే నమ్మకు. బయటికి ఫోన్ చేసే వీలుంటే ఆయన్నే అడుగు. ఏమన్నాడో నాకు రాయి.